కింద వదిలిన ఆరు లైన్లు

మా టైప్ సార్ పోయారని నాకు చెప్పింది, రెండేళ్ల కింద ఆయన్ను ఉద్యోగంలోంచి వెళ్లగొట్టిన మనిషే. పొద్దున పది దాటింది. మేనేజర్ నా టేబుల్ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "సార్ పోయిండమ్మా. తెల్లారగట్ల గుండె ఆగిందట. మన సెంటర్ తరఫున ఒక పెద్ద దండ తెప్పియ్యి. మనోడే గద," అన్నాడు. ఆ 'మనోడే' అన్న మాట దగ్గర నా వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. వెళ్లగొట్టిన రోజు ఆయన ఎవరివాడూ కాలేదు. దండ వేయడానికి మాత్రం మనోడయ్యాడు.

పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు రాయడం ఆనవాయితీ. నేనూ మంచి మాటలే రాస్తాను, ఆయన దగ్గర నాకు దొరికినవి అవే కాబట్టి. కానీ శాంతంగా రాయమంటే నా వల్ల కాదు. చదివేవాళ్లు మన్నించాలి, మన్నించకపోయినా పరవాలేదు. మా సార్ పేరు మీద రెండేళ్లుగా ఒక అబద్ధం ఉంది. దాన్ని ఎవరు పెట్టారో, ఎవరు పెట్టనిచ్చారో చెప్పకుండా ఆయన గురించి ఒక్క వాక్యం కూడా నేను సరిగ్గా రాయలేను.

ఆయన్ను మొదట చూసింది డెబ్భైల చివర్లో, హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక మేడ మీద, పన్నెండు టైపు మిషన్ల మధ్య. నేను హసన్‌పర్తి నుంచి బస్సులో వచ్చేదాన్ని. ఇంటర్‌లో లెక్కలు తప్పాను. టైపు వస్తే ఏదో ఒక ఆఫీసులో కూర్చోబెట్టుకుంటారని మా నాయన పంపాడు. మొదటి రోజు కుర్చీలో కూర్చోగానే గబగబా కాగితం ఎక్కించబోయాను. సార్ వచ్చి రోలర్ మీద చెయ్యి పెట్టారు.

"ఆగు బిడ్డా. నీకంటె ముందు ఈ మిషన్ మీద ఎవలు కూసున్నరు?"

"తెల్వది సార్."

"మరి వాళ్లు మార్జిన్ యాడ పెట్టిపోయిండ్రో తెల్వకుంట ఎట్ల కొడ్తవు? ముందుగాల అది చూసుకో."

నాకది చాదస్తంగా తోచింది. పదిహేను రోజుల పాటు వేళ్లకంటే ముందు మార్జిన్లు నేర్పారు. ఎడమ వైపు ఎందుకు అంత జాగా వదలాలని అడిగితే, "అది నీది కాదు, చదివేటోనిది. ఆయన బొటనవేలు పెట్టుకునే జాగ. నీ రాత ఆయన వేలు కింద పడొద్దు," అన్నారు. అక్కడ టైపు నేర్చుకున్న ఎవరినైనా అడగండి, ఈ మాట చెప్తారు.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ప్యాంటు అంచుకు సైకిల్ క్లిప్పు రోజంతా అట్లాగే ఉండేది, సైకిల్ దిగి నాలుగు గంటలైనా తీసేవారు కాదు. చాయ్ సాసర్‌లో పోసుకుని తాగేవారు. రిబ్బన్లు మార్చీ మార్చీ కుడిచేతి రెండు వేళ్లు ఎప్పుడూ నల్లగానే ఉండేవి. ఆదివారం చర్చికి వెళ్లే ముందు ఆ వేళ్లను నిమ్మచెక్కతో రుద్దుకునేవారట, అయినా పోయేది కాదని ఆయన భార్య నవ్వేది. ఆమెను మేమందరం అమ్మా అనే పిలిచేవాళ్లం.

ఎనభైల మధ్యలో టైపు నేర్చుకునేవాళ్లు తగ్గారు. చౌరస్తాలోనే ఒక కంప్యూటర్ సెంటర్ తెరిచారు. వయసు యాభై దాటిన మా సార్ సైకిల్ స్టాండు వేసి, తిన్నగా అందులోకి వెళ్లి, పని నేర్పమని అడిగారు. నేర్పేవాడు ఆయన కొడుకు వయసువాడు. ఆరు నెలలకల్లా ఆ నేర్పేవాడికే సార్ సందేహాలు తీర్చేవారు. అక్కడే పనిలో పెట్టుకున్నారు. ఆ తర్వాత ఏడాదికి నన్ను కూడా అక్కడికే పిలిపించారు, డేటా ఎక్కించే పనికి.

మా సెంటర్‌లో పని ఏమిటంటే, ఆఫీసుల నుంచి, కాలేజీల నుంచి వచ్చే పేర్లను, నంబర్లను కంప్యూటర్‌లో డేటాబేస్‌గా ఎక్కించి, జాబితాలుగా ప్రింటు తీసి ఇవ్వడం. ఎక్కించడం అందరికీ వచ్చు. ప్రింటు తీయడం దగ్గరే అందరూ తలలు పట్టుకునేవారు. కంప్యూటర్ తెరమీద ముత్యాల్లా ఉన్న జాబితా కాగితం మీదికి వచ్చేసరికి లైన్లు విరిగి, పేజీలు జరిగి కంగాళీ అయ్యేది. సార్ ఒక వానాకాలమంతా ప్రింటర్‌తో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం ముందేసుకుని, పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివారు. ప్రింటర్‌కు మాటలు తెలియవు, అంకెలతోనే చెప్పాలి. ప్రోగ్రాంలోంచి పదిహేను పంపితే అక్షరాలు ఇరుకుగా కొడుతుంది. పద్దెనిమిది పంపితే మళ్లీ మామూలుగా కొడుతుంది. ఇరవై ఏడు, అరవై ఏడు, డెబ్భై రెండు అని పంపితే, నీ కాగితం పొడవు డెబ్భై రెండు లైన్లు అని చెప్పినట్టు. ఇరవై ఏడు, అరవై నాలుగు అని పంపితే, అంతకుముందు ఎవరు ఏం చెప్పారో అన్నీ మరిచిపోతుంది. ఈ అంకెలన్నీ ఆయన ఒక పిల్లల పలక మీద సుద్దతో రాసి ప్రింటర్ పైన గోడకు తగిలించారు.

ఆ చివరిదాన్ని ఆయన 'కడుగుడు' అనేవారు. "మిషన్‌కు మనసు లేదు గని జ్ఞాపకం ఉన్నది. ఎన్కటి మనిషి ఏం చెప్పిండో అదే పట్టుకొని కూసుంటది. ఇంకోడు తిన్న ప్లేట్ల కడగకుంట వడ్డించుకుంటవా? ముందుగాల కడుగు, అటెన్క వడ్డించు." ఆయన రాసిన ప్రతి ప్రోగ్రాంలో జాబితా కంటే ముందు మూడు లైన్లు ఉండేవి. మొదటిది ప్రింటర్‌ను కడిగేది. రెండోది కాగితం పొడవు చెప్పేది. మూడోది ఒక ఖాళీ కాగితం మీద పైన ఒక గీత, కింద ఒక గీత కొట్టించి ఆగేది. కాగితాలు ఒకదానికొకటి మడతలతో అతుక్కుని వస్తాయి కదా, ఆ గీతలు మడతకు సరిగ్గా పడ్డాయో లేదో మనం కళ్లతో చూసి, మీట నొక్కితేనే అసలు పేర్లు మొదలవుతాయి. కాగితం కింద ఎప్పుడూ ఆరు లైన్లు ఖాళీ. "కాగితానికి సుత జర ఊపిరాడాలె," అనేవారు.

సెంటర్‌లో అందరూ దీన్ని 'సార్ పూజ' అని ఆటపట్టించేవారు. నేనూ నవ్వేదాన్ని. ఆయన పట్టించుకునేవారు కాదు. పక్క గదిలో చాయ్ తాగుతూ ప్రింటర్ చప్పుడు విని, "ఇరుకు రాత కొడ్తాంది, ఆపు ఆపు, అది మామూలు రాతది," అని సాసర్ పట్టుకుని పరుగెత్తుకొచ్చేవారు. వచ్చి చూస్తే నిజమే అయ్యేది.

ఇక ఆ జాబితా సంగతి. పల్లెల్లో ఆరోగ్యం పనులు చూడటానికి ఆడపిల్లలకు ట్రైనింగ్ ఇచ్చే ఒక ఆఫీసు మాకు పని ఇచ్చింది. దాని పేరు రాయను, ఆ ఆఫీసువాళ్లకంటే మావాళ్లదే తప్పు ఎక్కువ. పరీక్ష రాసిన పిల్లల్లోంచి ఎంపికైనవాళ్ల జాబితా ప్రింటు తీసివ్వాలి. రెండు వందల చిల్లర పేర్లు, నాలుగు కాగితాలు. ఉత్తరాలు పంపరు. జాబితా నోటీసు బోర్డు మీద పెడతారు, పేరున్నవాళ్లు వారంలోపు సర్టిఫికెట్లు పట్టుకుని రావాలి, రానివాళ్ల సీటు వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకు పోతుంది. ట్రైనింగ్ అయితే ఉద్యోగం ఖాయం.

ఆ రోజు సార్ లేరు. అమ్మకు కంటి ఆపరేషన్ అయింది, దవాఖానలో ఆమె దగ్గర ఉన్నారు. ప్రోగ్రాం ముందే రాసిపెట్టి వెళ్లారు. పొద్దున్నుంచి ప్రింటర్ మీద వేరే ఎవరివో ఉత్తరాలు కొడుతున్నాం, పొట్టి కాగితం మీద, అరవై ఆరు లైన్లది. మధ్యాహ్నానికి ట్రైనింగ్ ఆఫీసు నుంచి పెద్దసారు జీపులో వచ్చి మేనేజర్ గదిలో కూర్చున్నాడు. నేను పొడుగు కాగితం ఎక్కించి ప్రోగ్రాం నడిపాను. పైన గీత పడింది, కింద గీత వంకరగా మడత మీద పడింది. కాగితం సర్ది మళ్లీ నడిపాను. మళ్లీ తేడా. ఈలోపు ఉత్తరాలవాళ్లు తొందరపెడితే, పొట్టి కాగితం ఎక్కించి వాళ్లవి మిగిలిన రెండు కొట్టిచ్చి, మళ్లీ పొడుగుది ఎక్కించాను. మేనేజర్ బయటికొచ్చాడు.

"ఏమైతాంది?"

"కాగితం సరి చేస్తాన్న సార్. గీతలు కలుస్తలేవు."

"పెద్దసారు కూసున్నడు, నువ్వు గీతలు కొట్టుకుంట కూసో. ఆ పూజ తీసెయ్. పేర్లు కొట్టు."

"సార్ తీయొద్దన్నడు."

"జీతం నేనిస్తాన్నా, సార్ ఇస్తాండా?"

కంప్యూటర్ రాకపోయినా కంప్యూటర్ సెంటర్‌కు మేనేజర్ కావచ్చు, మన దగ్గర అందుకు అడ్డేమీ లేదు. నేను ఉద్యోగంలో పర్మనెంటు కావడానికి ఇంకా మూడు నెలలుంది. ఆ మూడు లైన్ల ముందు ఒక్కో చుక్క గుర్తు పెట్టాను. చుక్క పెట్టిన లైనును కంప్యూటర్ చదవకుండా దాటేస్తుంది. మూడు చుక్కలు. అర నిమిషం పని.

ప్రింటర్‌ను ఎవరూ కడగలేదు. అది ఉత్తరాల పొట్టి కాగితాన్నే తలలో పెట్టుకుని ఉంది. ప్రతి పేజీ ఆరు లైన్ల ముందే అయిపోయిందనుకుని, రెండో పేజీ హెడ్డింగును, రెండు పేర్లను మొదటి కాగితం అడుగునే కొట్టింది. మూడో పేజీ ఇంకా పైకి జరిగింది. హెడ్డింగులు కాగితం నడుమ పడ్డాయి, పేర్లు మడత దాకా వచ్చాయి. నేను మేనేజర్‌కు చూపించాను. "పేర్లు అన్ని ఉన్నయా లేవా? ఉన్నయి గద. చింపి ఇయ్యి," అన్నాడు. చింపి ఇచ్చాను.

పేర్లు అన్నీ ఉన్నాయి, నిజమే. అయితే ఆ ఆఫీసు అటెండరుకు మా సార్ జాబితాలు కొత్త కాదు. మా కాగితాలకు కింద ఎప్పుడూ ఖాళీ పట్టీ ఉంటుందని ఆయనకు తెలుసు. ఆ పట్టీకి మైదా లై రాసి, దాని మీద తర్వాతి కాగితం పై అంచు అతికించి, బోర్డు నిండా ఒకే పొడుగు జాబితాగా పెట్టడం ఆయన అలవాటు. ఆ రోజూ చూడకుండానే అట్లాగే పెట్టాడు. కాగితాల అడుగున ఉన్న పద్నాలుగు పేర్లు లై కింద అంటుకుపోయాయి. హాల్ టికెట్ నంబర్లు ఎట్లాగూ వరుసగా ఉండవు కాబట్టి నడుమ ఏవో పోయాయని ఎవరికీ అనుమానం రాలేదు. పద్నాలుగు మంది ఆడపిల్లలు ఎండన పడి వచ్చి, ఆ బోర్డు ముందు నిలబడి, వేలితో ఒక్కో పేరూ చదువుకుని, తమ పేరు లేదని తిరిగి వెళ్లిపోయారు. వాళ్ల వేలు కిందే, కాగితం వెనక, వాళ్ల పేరుంది. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

సార్ తొమ్మిదో రోజున వచ్చారు. రాగానే ఫైల్లో ఉన్న కాపీ తీసి చూశారు. నడుమ పడ్డ హెడ్డింగు మీద ఆయన చూపు ఆగింది. నన్నేమీ అడగలేదు. సైకిల్ తీసుకుని పోయారు. ఆ ఆఫీసు వరండాలో తడిగుడ్డతో బోర్డు మీది కాగితాలను నానబెట్టి, అంచులు ఒక్కోటి ఊడదీసి, కింద దొరికిన పేర్లను వరుసగా రాసుకున్నారని తర్వాత అటెండరు చెప్పాడు. అప్పటికే సీట్లు నిండిపోయాయి.

మర్నాడు ఆ ఆఫీసు నుంచి ఫోను వచ్చాక మేనేజర్ తన గదిలో అందరినీ నిలబెట్టాడు. "ప్రోగ్రాం రాసింది ఎవలు?" అన్నాడు. సార్, "నేనే," అన్నారు. "మరి తప్పు ఎవలది?" అన్నాడు. సార్ జవాబివ్వలేదు. నా వైపు కూడా చూడలేదు. నేను దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని గోడకున్న క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాను. మేనేజర్ ఆ ట్రైనింగ్ ఆఫీసుకు ఉత్తరం రాయించాడు. ప్రోగ్రాం రాసిన ముసలాయన నిర్లక్ష్యం వల్ల ఇట్లా జరిగిందని, ఆయన్ను తొలగించామని. ఆ ఉత్తరం టైపు చేసింది ఎవరనుకున్నారు? నేనే. మార్జిన్లు చక్కగా పెట్టి టైపు చేశాను. మూడు నెలలకు పర్మనెంటు అయ్యాను.

సార్ వెళ్లిపోయాక నెల రోజులు ఓర్చుకుని, ఒక ఆదివారం వాళ్ల ఇంటికి వెళ్లాను. వరండాలో చాప మీద కూర్చుని ఒక పాత టైపు మిషన్‌ను విప్పుకుని కిరోసిన్‌తో తుడుస్తున్నారు. నేను ఏడ్చాను. "చుక్కలు నేనే పెట్టిన సార్," అన్నాను. ఆయన గుడ్డ పక్కన పెట్టారు.

"ఎవలు పెట్టిండ్రో నాకు తెల్వదా బిడ్డా? ప్రోగ్రాం తెరిచి చూడంగనే కనపడ్డది. ఆ పొద్దే తీసేసిన."

"మరి ఎందుకు చెప్పలేదు సార్?"

"నేను చెప్తే అది నా మాట అయితది. నువ్వు చెప్తే అది నీ మాట అయితది." మళ్లీ గుడ్డ అందుకుని, కొంచెం కటువుగానే అన్నారు: "నాకు చెప్పి ఏడిస్తే ఏం లాభం? నాకు తెలిసిందే గద. తెల్వనోళ్లకు చెప్పాలె. ఎప్పుడు చెప్తవో నీ ఇష్టం. నేనయితే అడగ."

అడగలేదు. నిజంగానే అడగలేదు. దారిలో కనపడితే సైకిల్ ఆపి, "మీ నాయన మంచిగున్నడా? వరి కోసిండ్రా?" అని పలకరించేవారు. నాకు ఆయన మీద కోపమొచ్చేది. ఒక్కసారి తిట్టి ఉంటే, చెవి పట్టుకుని లాక్కెళ్లి చెప్పించి ఉంటే, నేను ఎప్పుడో చెప్పేసేదాన్ని కదా అని మనసులో ఆయనతోనే కొట్లాడేదాన్ని. పెద్దమనిషి మంచితనాన్ని నా పిరికితనానికి అడ్డం పెట్టుకున్నాను. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అని రెండేళ్లు గడిపాను. చివరికి ఆయనే పోయారు.

సమాధి జరిగాక, మూడో రోజు సాయంత్రం వాళ్ల ఇంటి ముందు షామియానా వేసి ప్రార్థన కూడిక పెట్టారు. నేను ముందే వెళ్లి అమ్మ దగ్గర కూర్చున్నాను. అప్పుడు చెప్పింది ఆమె, నాకు తెలియని సంగతి. ఉద్యోగం పోయాక సార్ నాలుగు నెలలు ఊళ్లు తిరిగారట. సైకిల్ మీద కొన్ని, బస్సులో కొన్ని, రైల్లో కొన్ని. పద్నాలుగు మంది ఇళ్లు. బోర్డు మీంచి ఊడదీసిన కాగితపు పట్టీలను ఎండబెట్టి, చేతి సంచిలో పెట్టుకుని, ఒక్కో ఇంటికీ వెళ్లి చూపించారట. "నీకు రాలేదనుకోకు బిడ్డా. వచ్చింది. ఇగో, నీ పేరు," అని. వాళ్లందరితో అర్జీలు రాయించి, తనే టైపు చేసి, ఆ ఆఫీసు చుట్టూ తిరిగారు. మరుసటి ఏడు పదకొండు మందిని తీసుకున్నారు. ముగ్గురికి వయసు దాటిపోయిందని తీసుకోలేదు. "ఆ ముగ్గురి కోసమే ఫికర్ చేసేటోడు బిడ్డా, మొన్నటి దాక," అంది అమ్మ. ఆపరేషన్ అయిన కంటిని మెల్లగా ఒత్తుకుంటూ చెప్పింది. చుక్కలు పెట్టింది నేనని ఆమెకు తెలియదని నాకప్పుడే అర్థమైంది. ఇంట్లో కూడా చెప్పలేదు ఆయన.

పాస్టరు గారి ప్రార్థన అయ్యాక, మాట్లాడదలచినవాళ్లు మాట్లాడమన్నారు. మా మేనేజర్ లేచాడు. దండ మోయించుకుని వచ్చాడు కదా, ఊరికే ఎట్లా పోతాడు?

"మా సెంటర్‌ల ప్రింటింగ్ అంటే సారే. అసుంటి మనిషి దొరకడు. ఆఖర్ల ఒక చిన్న మిస్టేక్ అయింది. వయసు మీద పడ్డది, ఎవలకైన అయితది. మేము ఆ సంగతి ఎన్నడో మర్చిపోయినం."

ఎదుట కూర్చున్న ఆడవాళ్లు అయ్యో పాపం అన్నట్టు తలలాడించారు. అమ్మ తల దించుకుంది. నేను ఎప్పుడు లేచానో నాకే తెలియదు.

"ఆ మిస్టేక్ సార్‌ది కాదు. ఆ రోజు సార్ దవాఖానల ఉన్నడు. ప్రోగ్రాంల మూడు లైన్లు బంద్ చేసింది నేను. చెయ్యమన్నది ఈయన."

మేనేజర్ మొహం మాడిపోయింది. "ఏందమ్మా ఇది, చావు ఇంట్ల? పోయినోళ్ల గురించి మంచిగ మాట్లాడాలె."

"సార్ గురించి మంచిగనే మాట్లాడుతాన్న. మీరింక బతికే ఉన్నరు గద."

ఎవరో నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టబోయారు. అమ్మ తలెత్తింది. నన్ను చాలాసేపు చూసింది. ఆ చూపులో దయ లేదు, ఉందని నేను అబద్ధం చెప్పను. "ఆమెను ఇడిసిపెట్టుండ్రి," అంది. "పూర్తిగ చెప్పు. అందరికి ఇనపడేటట్టు చెప్పు."

చెప్పాను. పొట్టి కాగితం, పొడుగు కాగితం, చుక్కలు, లై, పద్నాలుగు పేర్లు, నేను టైపు చేసిన ఉత్తరం. అయిపోయేసరికి మేనేజర్ లేడు. అతని మనిషి వచ్చి, రేపటి నుంచి పనికి రావద్దన్నాడని నా చెవిలో చెప్పి పోయాడు. ఉద్యోగం పోయినందుకు బాధ లేదంటే అబద్ధమే. ఉంది. కానీ ఆ ఉద్యోగం ఎట్లా వచ్చిందో నాకు తెలుసు.

జనం లేస్తున్నారు. వెనక వరసలోంచి ఒకామె నా దగ్గరికి వచ్చింది. నా ఈడుదే ఉంటుంది. చీర అంచు మోకాళ్ల దాకా ఎర్రటి దుమ్ము కొట్టుకుని ఉంది.

"మాది నెక్కొండ," అంది. "వయసు అయిపోయిందన్నరే, ఆ ముగ్గురిల ఒకదాన్ని."

సార్ పోయాడని ఎనుమాముల మార్కెట్లో ఎవరో అనుకుంటుంటే విందట. రోజూ రైల్లో వచ్చి, అక్కడ మిర్చి బస్తాలు కుమ్మరించి తాలు కాయలు ఏరే పని చేస్తుందట. ఇంటికి పోయి కాళ్లూ చేతులూ కడుక్కుని వస్తే కూడిక అందదని, ఉన్నపళంగా వచ్చేసింది.

"ఆయన మా ఇంటికి అచ్చినప్పుడు 'మా దగ్గర తప్పయింది బిడ్డా' అన్నడు. మా అంటే ఎవలెవలో నేను అడగలే. ఆయన్నే తిట్టిన. మా అమ్మ సుత తిట్టింది. గంట సేపు వాకిట్ల నిలబడ్డడు, ఒక్క మాట అనలే."

"నన్ను తిట్టు. ఎంతన్న తిట్టు," అన్నాను.

"నిన్ను తిట్టెటందుకు రాలే నేను." ఆమె సార్ ఇంటి వాకిలి వైపు చూసింది. "మండుటెండల అచ్చిండు. తాగెటందుకు మంచినీళ్లు సుత ఇయ్యలే మేము. ఆ మాట చెప్పుకుందామని అచ్చిన. ఇప్పుడు ఎవలకు చెప్పాలె?"

ఆమె కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. అప్పుడు చూశాను ఆమె చేతులు. మణికట్ల దాకా మిర్చి ఎరుపు. ఆ చేతులు కంటి దాకా పోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు కాబట్టి, రెండింటినీ ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకుని ఏడుస్తోంది. నేను కొంగు చివర పట్టుకుని ఒక అడుగు ముందుకు వేశాను. ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. ఒక భుజం పైకెత్తి ఒక కన్ను దానికి రుద్దుకుంది, ఇంకో భుజం ఎత్తి ఇంకో కన్ను రుద్దుకుంది. చేతులు అట్లాగే ఎడంగా పట్టుకుని స్టేషన్ వైపు నడిచిపోయింది.